నక్షత్రాన్ని తీసేసి ధూళిని చూడటం: ధ్రువిత కాంతిలో గ్రహాలు పుట్టే డిస్క్

నమస్కారం. ఈ వీడియోలో ఒకే పని పెట్టుకుందాం. కుర్ర నక్షత్రం చుట్టూ గ్రహాలు తయారవుతున్న డిస్క్ ఉంటుంది కదా, దాని బొమ్మను ధ్రువిత కాంతితో ఎలా బయటికి తీస్తారు? తీశాక అందులో ధూళి గురించి ఏం చదవచ్చు, ఏం చదవకూడదు? డిగ్రీ ఫిజిక్స్ గుర్తుంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. కావాల్సింది దారిలో చెప్పుకుంటూ పోదాం.

ముందు చిక్కేమిటో చూడండి. ఇలాంటి డిస్క్ బరువులో సుమారు 99 శాతం వాయువే. ధూళి ఒక్క శాతం. భూమిలాంటి గ్రహానికి రాయి, ఇనుము అందేది ఆ ఒక్క శాతం నుంచే. ఆ ధూళి మీద పడి చెదిరిన నక్షత్రకాంతి మనదాకా వస్తుంది. కానీ పక్కనే నక్షత్రం దానికి వేల రెట్లు వెలుగుతూ ఉంటుంది. పట్టపగలు మిణుగురును వెతికినట్టే.

బయటపడే దారి ఒకటుంది. నక్షత్రం నుంచి నేరుగా వచ్చే కాంతికి ధ్రువణం దాదాపు ఉండదు. అంటే కాంతి తరంగం అన్ని దిక్కుల్లోనూ సమానంగా ఊగుతుంది. ధూళి మీద చెదిరిన కాంతి మాత్రం ఒక దిక్కులో ఎక్కువ ఊగుతుంది.

[కెమెరా ముందు: పోలరైజ్డ్ కళ్లద్దాలు, వెనక ల్యాప్‌టాప్ తెర]

ఇది చేతిలో పట్టుకుని చూడొచ్చు. ఎల్‌సీడీ తెర ముందు ఈ అద్దం పెట్టి నెమ్మదిగా తిప్పుతున్నా... చూడండి, ఒక చోట తెర దాదాపు నల్లబడింది. ఇంకా తిప్పితే మళ్లీ తేటపడుతుంది. తెర నుంచి వచ్చేది ధ్రువిత కాంతి కాబట్టి ఇలా జరుగుతోంది. ఇదే అద్దంతో నీలాకాశం చూడండి. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న భాగం చూస్తూ తిప్పితే నీలం ముదురవుతుంది, తేలికవుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఈ అద్దాలతో చూడకండి, అవి కంటిని కాపాడవు. ఆకాశంలో గాలి అణువులు చేసే పనే డిస్క్‌లో సన్నటి ధూళి చేస్తుంది.

ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. ఒకసారి చెదిరిన కాంతి ఊగే దిక్కు, బొమ్మలో నక్షత్రం నుంచి ఆ బిందువుకు గీసిన గీతకు అడ్డంగా ఉంటుంది. కాబట్టి డిస్క్ అంతటా ధ్రువణ గీతలు గీస్తే, అవి నక్షత్రం చుట్టూ వలయంలా తిరుగుతాయి.

ఇప్పుడు పరికరం. చిలీలోని పరానల్ కొండ మీద వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) టెలిస్కోపులు ఉన్నాయి, ఒక్కోదాని అద్దం 8.2 మీటర్లు. అందులో ఒకదానికి 2014లో స్ఫియర్ అనే పరికరం బిగించారు. దాని పరారుణ కెమెరా వచ్చిన కాంతిని రెండు ధ్రువణాలుగా చీల్చి, పక్కపక్కన రెండు బొమ్మలు ఒకేసారి తీస్తుంది. ఒకేసారి అన్న మాటే ఇక్కడ కీలకం. గాలి కదలిక వల్ల నక్షత్రం బొమ్మ క్షణక్షణానికీ మారుతుంటుంది. రెండూ ఒకే క్షణంలో తీసినవైతే ఆ మార్పు రెండింటిలోనూ ఒకేలా పడుతుంది, ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే పోతుంది.

[తెర మీద: ఒకే పిక్సెల్, ఎడమ బొమ్మలో, కుడి బొమ్మలో]

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఒక పిక్సెల్‌లో ఎడమ బొమ్మ 10,060 చూపించింది, కుడి బొమ్మ 10,000. తేడా 60. నక్షత్రం తాలూకు పదివేలు కొట్టుకుపోయింది, బాగుంది. కానీ ఈ 60 అంతా డిస్క్‌దేనా? పరికరంలోని అద్దాలు కూడా కొంత ధ్రువణం కలుపుతాయి. అందుకే ముందు ఒక హాఫ్ వేవ్ ప్లేట్ ఉంటుంది. దాన్ని 45 డిగ్రీలు తిప్పితే, వచ్చే కాంతి ధ్రువణం 90 డిగ్రీలు తిరుగుతుంది. అంటే డిస్క్ వాటా గుర్తు మారుతుంది. ప్లేట్ తర్వాత ఉన్న అద్దాలు కలిపిన వాటా మారదు. ఇప్పుడు తేడా మైనస్ 20 వచ్చిందనుకోండి. మొదటిదాన్లోంచి రెండోది తీసేస్తే 80, సగం చేస్తే 40. డిస్క్ వాటా 40, పరికరం వాటా 20 అన్నమాట. దీన్నే డబుల్ డిఫరెన్స్ అంటారు. ఇంత చిన్న తీసివేత మీద ఇంత పెద్ద రంగం నిలబడిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

అలా వచ్చిన బొమ్మ పేరు క్యూ. ప్లేట్‌ను 22.5, 67.5 డిగ్రీల దగ్గర పెట్టి ఇదే పని చేస్తే వచ్చేది యూ. ఈ రాశులను 1852లో భౌతికశాస్త్రవేత్త స్టోక్స్ ప్రతిపాదించాడు. దాదాపు వందేళ్ల తర్వాత ఖగోళశాస్త్రంలో వీటిని వాడుకలోకి తెచ్చినవాడు ఖగోళ భౌతికశాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

[తెర మీద: క్యూ బొమ్మ, పక్కన యూ బొమ్మ]

క్యూ బొమ్మ సీతాకోకచిలుక ఆకారంలో కనిపిస్తుంది. తూర్పు పడమరల్లో ప్లస్, ఉత్తర దక్షిణాల్లో మైనస్. యూ కూడా అంతే, 45 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ఈ ఆకారం కనిపించకపోతే అక్కడే ఆగండి. నక్షత్రం మధ్యబిందువు సరిగ్గా కుదరలేదేమో చూసుకోండి. అర పిక్సెల్ జరిగినా లోపలి భాగం పాడవుతుంది.

తర్వాతి మెట్టు దగ్గర చాలామంది క్యూ, యూ రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తారు. నేనైతే వద్దంటాను. వర్గం చేస్తే నాయిస్, అంటే కొలతలో అటూ ఇటూ ఊగే అర్థంలేని తేడా, కూడా ప్లస్ అయిపోతుంది, ఏమీ లేని చోట కూడా ఏదో వెలుగున్నట్టు కనిపిస్తుంది. దానికి బదులు, ప్రతి పిక్సెల్‌కూ నక్షత్రం చుట్టూ దాని కోణం ఎంతో చూసి, క్యూ, యూలను ఆ కోణానికి తగ్గట్టు తిప్పండి. అప్పుడు వలయంగా ఉన్న ధ్రువణమంతా క్యూ ఫై అనే ఒక బొమ్మలో ప్లస్‌గా చేరుతుంది. 45 డిగ్రీలు పక్కకు వాలినది యూ ఫైలో పడుతుంది. మన నియమం నిజమైతే యూ ఫైలో డిస్క్ ఉండకూడదు, నాయిస్ మాత్రమే ఉండాలి. ఉందంటే ముఖ్యంగా రెండు కారణాలు: పరికరం వాటా ఇంకా మిగిలి ఉండాలి, లేదా కాంతి ఒకటికి మించి సార్లు చెదిరి ఉండాలి. మన చూపుకు బాగా వాలి ఉన్న డిస్కుల్లో రెండోది నిజంగానే కనిపిస్తుంది.

ప్లేట్ కంటే ముందున్న టెలిస్కోప్ అద్దాల వాటా డబుల్ డిఫరెన్స్‌కు చిక్కదు. దానికి పరికరం గణిత నమూనా కావాలి. స్ఫియర్ కోసం ఇర్డాప్ అనే పైథాన్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, ఆ పని అది చేసిపెడుతుంది.

సరే, బొమ్మ వచ్చింది. వలయాలు, ఖాళీలు, సర్పిలాలు. ఇక్కడే అందరూ తొందరపడతారు. చీకటిగా ఉన్న చోట ధూళి లేదని తేల్చేయకండి. ఈ కాంతి డిస్క్ పైపొర నుంచి వస్తుంది, మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పరిమాణపు రేణువులు వాయువుతో పాటు పైకి తేలి ఉండే చోటు నుంచి. లోపలి భాగం ఉబ్బి ఉంటే బయట నీడ పడుతుంది. హెచ్‌డీ 142527 అనే నక్షత్రం డిస్క్‌లో రెండు చీకటి చారలు ఉన్నాయి. లోపల పక్కకు వాలిన చిన్న డిస్క్ ఒకటి వాటిని నీడలుగా వేస్తోందని 2015లో చూపించారు. అక్కడ ధూళి కొరతేమీ అవసరం లేదు, వెలుతురుకు దారి లేదంతే.

వెలుగున్న వైపు కూడా మోసం చేయగలదు. రేణువులు ముందుకు ఎక్కువ చెదరగొడతాయి కాబట్టి మనకు దగ్గరగా ఉన్న అంచు మామూలు కాంతిలో మెరుస్తుంది. కానీ ఆ కోణంలో ధ్రువణం తక్కువ. ధ్రువణం ఎక్కువయ్యేది 90 డిగ్రీల దగ్గర. అందుకే వాలిన డిస్కుల్లో రెండు కొసలు మెరిసి, దగ్గరి అంచు డల్‌గా ఉండొచ్చు. ధూళి ఎక్కడ ఎక్కువుందో దీన్నిబట్టి చెప్పలేం.

మరి రేణువు సైజు? ఇక్కడ అసలు కొలబద్ద ఒకటుంది. తరంగదైర్ఘ్యాన్ని రెండు పైలతో, అంటే 6.28తో భాగించండి. ఆ సైజు కంటే రేణువు బాగా చిన్నదైతే ధ్రువణ శాతం ఎక్కువే కానీ చెదిరే కాంతి చాలా తక్కువ. బాగా పెద్దదైతే కాంతి బాగా చెదురుతుంది కానీ ధ్రువణం పడిపోతుంది. రెండూ కుదిరేది ఆ కొలత దగ్గరే. 1.6 మైక్రాన్ల పరారుణ కాంతికి అది సుమారు పావు మైక్రాన్. గ్రహం సంగతి తేలాలంటే దానికి కొన్ని వందల రెట్లు పెద్ద రేణువులు కావాలి. అవి డిస్క్ మధ్యలోకి దిగిపోయి ఉంటాయి, అక్కడికి మిల్లీమీటర్ తరంగాలు కావాలి.

అదే చిలీలోని ఆల్మా టెలిస్కోప్ ఆ తరంగాలను పట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం కథ వేరు. మిల్లీమీటర్ కాంతిని ధూళే స్వయంగా వెదజల్లుతుంది, ఆ కాంతే పక్క రేణువుల మీద చెదురుతుంది. దాని నుంచి సైజు కొలవచ్చని 2015లో అకిమాసా కటావోకా బృందం ప్రతిపాదించింది. మన కొలబద్ద వాడితే 0.87 మిల్లీమీటర్ల దగ్గర పట్టుబడే రేణువు సుమారు 140 మైక్రాన్లు.

[తెర మీద: హెచ్‌ఎల్ టౌ ధ్రువణ గీతలు, మూడు తరంగదైర్ఘ్యాల్లో]

సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌ఎల్ టౌ అనే కుర్ర నక్షత్రాన్ని చూడండి. 2017లో వచ్చిన ఫలితాలు ఇవి. 0.87 మిల్లీమీటర్ల దగ్గర గీతలన్నీ, వాలి కోలగా కనిపించే డిస్క్ చిన్న అక్షానికి సమాంతరంగా, క్రాపు దువ్వినట్టు ఒకే దిక్కులో ఉన్నాయి. చెదరడం వల్ల వచ్చే గుర్తు ఇదే. 3.1 మిల్లీమీటర్ల దగ్గర అవే గీతలు వలయంగా తిరిగిపోయాయి. 1.3 దగ్గర రెండూ కలగలిసి ఉన్నాయి. తరంగం పెరిగేకొద్దీ చెదరడం తగ్గి, కోలగా ఉన్న రేణువులు ఒక వరసలో నిలబడటం వల్ల వచ్చే ధ్రువణం పైకి తేలిందని దీనికి చెప్పే వివరణ. 2023లో మరింత స్పష్టమైన బొమ్మ వచ్చింది. వలయాల మధ్య ఖాళీల్లో 0.87 దగ్గర కూడా గీతలు వలయంగానే ఉన్నాయని అందులో తేలింది.

పేచీ ఎక్కడంటే, ధ్రువణం ప్రకారం రేణువులు వంద మైక్రాన్ల మేరకే ఉన్నాయి. వేర్వేరు తరంగాల్లో వెలుగు ఎలా మారుతుందో చూసి లెక్కేసిన పాత పద్ధతి మిల్లీమీటర్ అంటుంది. పది రెట్ల తేడా. రేణువులు గుల్లగా ఉంటే లెక్క మారుతుంది, డిస్క్ బాగా దట్టంగా ఉన్నా మారుతుంది. గుండ్రటి, గట్టి రేణువు అనుకుని వేసిన లెక్కల మీద నాకు నమ్మకం తక్కువ.

మీరు చేసి చూడాలనుకుంటే టీడబ్ల్యూ హైడ్రే అనే నక్షత్రంతో మొదలుపెట్టండి. దూరం సుమారు 196 కాంతి సంవత్సరాలే, డిస్క్ దాదాపు మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి వాలుతో వచ్చే తలనొప్పులు ఉండవు. స్ఫియర్ తీసిన పాత డేటా యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఆర్కైవ్‌లో అందరికీ దొరుకుతుంది. క్యూ ఫై రాగానే మురిసిపోకుండా, పక్కనే యూ ఫైని అదే రంగుల స్కేల్‌లో పెట్టి చూడండి.