ఫోరమ్‌లో ‘నెవర్’ పెట్టాక కూడా ఫొటో ఎలా ఎక్కింది?

నమస్తే అండి. ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘానికి వెబ్‌సైట్ ఉందనుకోండి. చర్చలకు పీహెచ్‌పీబీబీ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్, ఫొటోలకు కాపర్‌మైన్ అనే గ్యాలరీ సాఫ్ట్‌వేర్. రెండు లాగిన్లు ఎందుకని, ఫోరమ్ లాగిన్‌తోనే గ్యాలరీలోకీ వెళ్లేలా చేసే బ్రిడ్జ్‌తో కలిపేశారు. ఆ పని పెద్ద కష్టమేం కాదు, కాపర్‌మైన్‌లోని బ్రిడ్జ్ మేనేజర్ పేజీ అడిగినవి నింపుకుంటూ పోవడమే. గొడవంతా సభ్యుల గ్రూపుల దగ్గర వస్తుంది.

బ్రిడ్జ్ తెచ్చేది మనుషుల్ని, మీరు సరేనంటే వాళ్ల గ్రూపుల్ని. ఫోరమ్‌లో ఆ గ్రూపులకిచ్చిన పర్మిషన్లు మాత్రం రావు. ఎవరు అప్‌లోడ్ చేయాలి, ఎవరు కామెంట్ పెట్టాలి, ఎవరికెంత డిస్క్ కోటా (ఫొటోలు దాచుకునే చోటు), ఇవన్నీ గ్యాలరీలో మళ్లీ పెట్టుకోవాల్సిందే.

మరి ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉంటే? పీహెచ్‌పీబీబీలో యస్, నో, నెవర్ అని మూడుంటాయి. నెవర్ అంటే పెళ్లి సంబంధంలో పెద్దాయన వద్దన్నట్టే, మిగతావాళ్లంతా ఊ అన్నా ముందుకు కదలదు. కాపర్‌మైన్‌ది పూర్తిగా రివర్స్. ఏ గ్రూపు ఎక్కువ ఇస్తే అదే చెల్లుతుంది.

కొత్త సభ్యుడి సంగతే చూడండి. పీహెచ్‌పీబీబీలో అతను రిజిస్టర్డ్ గ్రూపులోనూ ఉంటాడు, కొత్తగా చేరినవాళ్ల గ్రూపులోనూ ఉంటాడు. రెండోదాంట్లో ‘అప్రూవల్ లేకుండా పోస్టు చేయడం’ దగ్గర నెవర్ ఉంది కాబట్టి అతని పోస్టు మోడరేటర్ చూసేదాకా ఆగుతుంది. గ్యాలరీలో కూడా మీరు కొత్తవాళ్ల గ్రూపుకి అప్రూవల్ తప్పనిసరి అని పెట్టారు. కానీ రిజిస్టర్డ్‌కి అక్కర్లేదని వదిలేశారు. ఎక్కువ ఇచ్చేది రిజిస్టర్డ్ కాబట్టి దాని మాటే చెల్లి, ఫొటో నేరుగా ఎక్కేస్తుంది! అడ్మిన్‌కి టెన్షన్, సెట్టింగ్ చూస్తే సరిగ్గానే ఉంటుంది.

కాబట్టి గ్యాలరీలో ఆపాలని చూడకండి, ఇవ్వడం తగ్గించండి. రిజిస్టర్డ్ గ్రూపుకి అతి తక్కువ హక్కులు పెట్టి, నమ్మకమైనవాళ్లకి వేరే గ్రూపు ద్వారా పెంచండి. కోటా దగ్గర ఇంకో తిరకాసు. అక్కడ సున్నా అంటే చోటు లేదని కాదు, హద్దే లేదని. ఇది ఎవరు ఆలోచించారో గానీ, నాకు మాత్రం నచ్చలేదు.

గ్యాలరీలో ముందునుంచే సభ్యులుంటే బ్రిడ్జ్ పెట్టేముందు ఆగండి. ఆ పాత ఖాతాలు ఫోరమ్‌లోకి వెళ్లవు. ఫొటో యజమాని ఎవరన్నది సభ్యుడి ఐడీ నంబరును బట్టి కాబట్టి, ఒకరి ఫొటోలు ఫోరమ్‌లో అదే నంబరున్న ఇంకొకరి పేరు మీద కనిపించొచ్చు.

ఆల్బమ్‌ని ఒక గ్రూపుకే కనిపించేలా పెట్టినా, ఫొటో ఫైల్ అడ్రస్ నేరుగా తెలిసినవాళ్లు దాన్ని తెరవగలరు. ఇది బ్రిడ్జ్ తప్పు కాదు, కాపర్‌మైన్ తీరే అంత. ఆధార్ కార్డు ఫొటోల్లాంటివి అక్కడ పెట్టొద్దు.

చివరగా, గ్యాలరీ ఇన్‌స్టాల్ చేసినప్పటి అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. బ్రిడ్జ్ చెడిపోయి లాగిన్ అవ్వకపోతే, బ్రిడ్జ్ మేనేజర్ పేజీలో దాన్ని ఆపడానికి అడిగేవి అవే.