ఊరి రికార్డు ఎక్కడ దొరుకుతుంది? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. గట్టు తగాదా వచ్చినా, తాతగారు పోయిన తేదీ కావాల్సి వచ్చినా ఊళ్లో పెద్దలు చెప్పేది ఒకటే, "రికార్డు తీయించు" అని. ఎక్కడ తీయించాలో మాత్రం చెప్పరు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. మనతో ఒక విశ్రాంత తహసీల్దార్, భూమి కేసులు చూసే న్యాయవాది, చిన్న పంచాయతీలో పనిచేస్తున్న కార్యదర్శి ఉన్నారు. సార్, ఇప్పుడు అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా, ఇంకా ఆఫీసు చుట్టూ తిరగడం దేనికండీ?

విశ్రాంత తహసీల్దార్: ఫోన్లో కనబడేది ఇవాళ్టి పరిస్థితి అమ్మా. ఆంధ్రప్రదేశ్ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో వన్-బీ తీస్తే పట్టాదారు ఎవరో, అడంగల్ తీస్తే సాగులో ఎవరున్నారో తెలుస్తుంది. ఆ పేరు అక్కడికి ఎలా ఎక్కిందో అందులో ఉండదు. అది కావాలంటే వెనక్కి వెళ్లాలి. ఆంధ్రాలో అయితే ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. తెలంగాణలో అయితే సేత్వార్ అనే పాత సర్వే రికార్డు, 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ అనే భూముల రిజిస్టరు. కోర్టులో చివరికి నిలబడేవి అవే.

న్యాయవాది: ఆర్‌ఎస్‌ఆర్ పేజీ చూస్తే సగం కథ అర్థమవుతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, తరం అంటే నేల రకం, శిస్తు వరసగా రాసి ఉంటాయి. చివర పట్టాదారు పేరుండాల్సిన చోట కొన్నింటికి చుక్కలు పెట్టి వదిలేశారు. సర్వే రోజున ఎవరూ వచ్చి నాదని చెప్పకపోతే అలా వదిలేసినవి చాలా ఉన్నాయి. వందేళ్ల తర్వాత మనవడు పొలం అమ్మబోతే రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. వాటి కోసమే 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చుక్కల భూముల చట్టం తేవాల్సి వచ్చింది. ఆ పేజీ నకలు చేతిలో లేకుండా ఏ ఆఫీసు మెట్లెక్కినా కాలం వృథా.

యాంకర్: ఆ నకలు ఇస్తారా మరి?

విశ్రాంత తహసీల్దార్: పేరు పెట్టి అడిగితే ఇస్తారు. "మా పొలం కాగితాలు కావాలి" అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. ఊరు, సర్వే నంబరు, ఏ రిజిస్టరు, ఏ సంవత్సరం అన్నవి అర్జీలో రాయాలి. ఇంకో చిక్కుంది. రీసర్వే పూర్తయిన ఊళ్లలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ నంబర్లు, అంటే కొత్త ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. పాత రికార్డు అడిగేటప్పుడు పాత నంబరే వేయాలి. కొత్తది వేస్తే గుమస్తాకి ఏమీ దొరకదు, మీకు "లేదు" అన్న జవాబు వస్తుంది.

కార్యదర్శి: సార్ చెప్పింది నిజమే గానీ మా వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. మా పంచాయతీలో పాత రిజిస్టర్లకు ఉన్నది ఒకే ఒక్క బీరువా. కింది అరలో చెదలు పట్టిన జనన మరణాల పుస్తకం ఉంది, పేజీ తిప్పితే పొడి రాలుతుంది. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు పుస్తకాలన్నీ సక్రమంగా అప్పగించారని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. జనం మమ్మల్నే తిడతారు.

న్యాయవాది: తిట్టడం తప్పే మేడమ్. కానీ "లేదు" అని నోటితో చెప్పి పంపడం కూడా తప్పే కదా. ఆ మాట కాగితం మీద రాసివ్వాలి. ఫైలు కనబడడం లేదన్నది సమాచారం ఇవ్వకపోవడానికి చట్టంలో మినహాయింపు కాదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

యాంకర్: సమాచార హక్కు కింద అడగడానికి ఖర్చెంత?

న్యాయవాది: మన రెండు రాష్ట్రాల్లో పల్లెటూరి వాళ్లకు ఇదే మేలు. గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. నకళ్ల ఖర్చు వేరే. అర్జీ తప్పు ఆఫీసుకి వెళ్లినా సరైన చోటికి 5 రోజుల్లో పంపాల్సిన బాధ్యత వాళ్లదే. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేసుకోవచ్చు. ఇచ్చిన అర్జీ మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

యాంకర్: ప్రకాశం జిల్లా నుంచి ఒక కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. మా నాయన 1970లో పొలం కొన్నాడు. దస్తావేజు ఎటుపోయిందో తెలీదు. మీసేవలో ఈసీ, అదే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయిస్తే అందులో ఏమీ రాలేదు. కొనలేదనే లెక్కా?

విశ్రాంత తహసీల్దార్: కాదు బాబూ, కంగారు పడకండి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు చూసి తీయాలి. ఒకటి పేర్ల వారీగా, ఇంకోటి ఆస్తి వారీగా ఉంటుంది. మీ నాయన పేరు, ఊరు, కొన్న ఏడాది చెప్పి మాన్యువల్ ఈసీకి అర్జీ పెట్టండి. దస్తావేజు నంబరు దొరికితే సర్టిఫైడ్ కాపీ వస్తుంది. ఇప్పుడు మీ ఊరు ఏ ఆఫీసు కింద ఉందో కాదు, 1970లో ఏ ఆఫీసు కింద ఉండేదో కనుక్కోండి.

కాలర్: అది నా పేరున లేదు కదండీ, నాకిస్తారా?

న్యాయవాది: ఇస్తారు. భూముల దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. రుసుము కట్టిన ఎవరైనా దాన్ని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ అదే చెబుతుంది. వీలునామాల పుస్తకం మాత్రం వేరు, అది అందరికీ చూపించరు.

యాంకర్: మేడమ్, మరణ ధ్రువపత్రం సంగతి? పాతవి నమోదు కాని ఇళ్లు చాలా ఉంటాయి.

కార్యదర్శి: ముందు మా రిజిస్టరులో వెతకమని అర్జీ ఇవ్వాలి. లేకపోతే లేదని మేం పత్రం ఇస్తాం. ఏడాది దాటిన నమోదుకు పైఅధికారి ఉత్తర్వు కావాలి, ఆర్డీవో ఆఫీసు దారి పట్టాల్సిందే. పుట్టిన తేదీ రుజువుకైతే ఊరి బడిలోని అడ్మిషన్ రిజిస్టరు చూడండి. మా బీరువా కంటే హెడ్మాస్టరు గారి బీరువా చాలాసార్లు నయం.

న్యాయవాది: ఉపాధి హామీ మస్టర్లు, అంటే పని హాజరు పట్టీల గురించి కూడా చెప్పండి, జనానికి తెలియదు.

కార్యదర్శి: అవునండీ. ఏ ఊళ్లో ఎవరి జాబ్ కార్డుకి ఎన్ని రోజుల పని వేశారో వెబ్‌సైట్లో పంచాయతీ వారీగా ఉంటుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు. పక్కింటాయన పేరున పడ్డ పనిదినాలు చూసి నా దగ్గరికి తగువుకు వచ్చిన వాళ్లూ ఉన్నారు!

యాంకర్: (నవ్వుతూ) కాలర్ గారూ, ఇంకేమైనా అడగాలా?

కాలర్: ఒంగోలు పోవాలా, అద్దంకి పోవాలా అన్నదొక్కటే అండీ.

విశ్రాంత తహసీల్దార్: మీ ఊళ్లో ఆ రోజుల్లో కొన్న పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన దస్తావేజు మీది ముద్ర చూడండి బాబూ. ఏ ఆఫీసో దాని మీదే ఉంటుంది.