నేర్పేవాడికి జీతం ఎవరిస్తారు?

సభకు నమస్కారం.

ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు మెషిన్ షెడ్లు నడుపుతున్నవాళ్లు. పదిమంది పనిచేసే షెడ్డు నుంచి వందమంది ఉన్న కంపెనీ దాకా ఉన్నారు. ఇందాక టీ తాగుతున్నప్పుడు మీలో చాలామంది నాతో ఒకటే మాట అన్నారు: "మెషిన్‌కి లోన్ దొరుకుతోంది సార్, ఆర్డర్లూ ఉన్నాయి, పని తెలిసిన మనిషే దొరకట్లేదు." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. మెషిన్‌ని పనికి సిద్ధం చేసే సెట్టర్ ఒక్కరోజు రాకపోతే మెషిన్లు ఎలా ఆగిపోతాయో, డెలివరీ తప్పితే కస్టమర్ ఫోన్ ఎలా ఉంటుందో, ఆ రాత్రి ఓనర్ ఎంత టెన్షన్ పడతాడో నాకు తెలుసు. అందుకే మిమ్మల్నే ఒక ప్రశ్న అడుగుతాను. ఇంతకుముందు పని తెలిసిన మనుషులు మనకు ఎక్కడి నుంచి వచ్చేవాళ్లు?

1960లలో హైదరాబాద్ చుట్టూ పెద్ద ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, ఇటు హెచ్‌ఎంటీ. ఆల్విన్, ప్రాగా టూల్స్ అంతకుముందే ఉన్నాయి. మన చిన్న పరిశ్రమలు చాలావరకు వీటిని ఆనుకునే పెరిగాయి. వాళ్లు మనకు ఆర్డర్లు ఇచ్చారని అందరికీ గుర్తుంది. మనుషుల్ని కూడా ఇచ్చారన్న సంగతి మరిచిపోయాం. అక్కడ అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు ముందు ముక్కను బిగించే వైస్ దగ్గర నిలబడి, చేతులు బొబ్బలెక్కేదాకా ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేసేవాడు. లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ ఆ తర్వాతే. అలా తయారైన అందరికీ అక్కడే ఉద్యోగం దొరకలేదు. మిగిలినవాళ్లు మన షెడ్లకు వచ్చారు. కొందరు సొంత షెడ్లు పెట్టుకున్నారు. అలాంటివాళ్లు ఈ హాల్లో కూడా ఉన్నారు.

ఇప్పుడు ఆ సంస్థల్లో కొన్ని మూతపడ్డాయి, కొన్ని కుదించుకుపోయాయి. 1968లో బాలానగర్‌లో మొదలైన సీఐటీడీ, అంటే టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ, టూల్ రూమ్ పని తెలిసినవాళ్లను ఇప్పటికీ తయారుచేస్తోంది, కానీ ఇంత పెద్ద ప్రాంతానికి అదొక్కటే ఎంతని సరిపోతుంది? ఎవరో ఖర్చుపెట్టి నేర్పితే మనం తీసుకున్న రోజులు పోయాయి. ఆ ఖర్చు మన పుస్తకాల్లో ఏనాడూ రాసుకోలేదు కాబట్టి, అది ఇప్పుడు మన మీద పడిందన్న విషయం కూడా మనకు ఆలస్యంగా అర్థమవుతోంది.

ఐటీఐలు లేవా అంటారు. ఉన్నాయి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2024లో మొదలైంది. చాలా సంతోషం. అయినా ఐటీఐలో పడేది పునాదే. మీ డ్రాయింగ్, మీ మెటీరియల్, కొలతలో ఎంత తేడా ఒప్పుకుంటారన్న మీ టాలరెన్స్, మీ కస్టమర్ జాబ్‌ని, అంటే మీరు చేసిచ్చిన ముక్కని, ఎందుకు వెనక్కి పంపుతాడు అన్నవి మీ షెడ్డులో తప్ప ఇంకెక్కడా నేర్చుకోవడం కుదరదు. వాటిని నేర్పగలిగింది మీ సీనియర్ ఆపరేటర్ ఒక్కడే.

ఆ సీనియర్ ఇప్పుడు ఎలా నేర్పుతున్నాడో నేను చూసింది ఒకటి చెబుతాను. ఒక షెడ్డులో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్ మీద 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ తిప్పుతున్నారు. కొత్త కుర్రాడు మైక్రోమీటర్‌తో కొలిస్తే 25.02 వచ్చింది. అవతలి మెషిన్ దగ్గర బిజీగా ఉన్న సీనియర్ అక్కడి నుంచే కేకేశాడు: "వేర్‌లో మైనస్ పాయింట్ జీరో టూ కొట్టు!" కుర్రాడు కొట్టాడు. వేర్ అంటే కోసే పనిముట్టు అరుగుదలకు తగ్గట్టు మెషిన్‌లో వేసే సవరణ. దాన్ని వేయడానికి ఫానుక్ కంపెనీ కంట్రోల్ ప్యానెల్‌లో రెండు కీలుంటాయి. ప్లస్ ఇన్‌పుట్ నొక్కితే ఉన్న విలువకు కొత్తది కలుస్తుంది. ఇన్‌పుట్ నొక్కితే పాతది పోయి కొత్తది కూర్చుంటుంది. అప్పటికి వేర్‌లో 0.12 ఉంది. అది 0.10 కావాలి. కుర్రాడు ఇన్‌పుట్ నొక్కాడు, మైనస్ 0.02 అయింది. తర్వాతి షాఫ్ట్ 24.88కి దిగింది. స్క్రాప్. ఆ షెడ్డులో అందరి ముందూ కుర్రాడికి తిట్లు పడ్డాయి. "ఈ కాలం పిల్లలకు బుర్ర పెట్టి పనిచేయడం రాదు" అన్నారు.

అందులో కుర్రాడి తప్పు ఎంత? అతను చెప్పింది చెప్పినట్టే చేశాడు. రెండు కీల తేడా అతనికి ఎవరూ చెప్పలేదు. సీనియర్ చెడ్డవాడని కూడా నేననను. ఏళ్ల తరబడి చేతికి అలవాటైపోయిన పనిలో అతనికి ఆ తేడా కనపడటమే మానేసింది. పని బాగా వచ్చినవాళ్లందరికీ ఉండే ఇబ్బందే ఇది. తాము చేసేదాంట్లో కొత్తవాడికి ఏది తెలియదో వాళ్లకు తట్టదు. పని రావడం వేరు, నేర్పడం రావడం వేరు. రెండోదాన్ని కూడా నేర్చుకోవాల్సిందే. దాని మీద మనం ఒక్క రూపాయి పెట్టడం లేదు.

ఈ సమస్యను మనకంటే ముందు, మనకంటే చాలా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవాళ్లున్నారు. 1940లో అమెరికా యుద్ధ సామగ్రి ఉత్పత్తి పెంచాల్సి వచ్చింది. అనుభవమున్న కార్మికులు చాలలేదు, ఫ్యాక్టరీ మొహం చూడని మగవాళ్లు, ఆడవాళ్లు లక్షల్లో పనిలోకి వస్తున్నారు. అప్పుడు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం పెట్టారు. కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి పాఠాలు చెప్పలేదు. సూపర్‌వైజర్లకు, సీనియర్లకు ఎలా నేర్పాలో నేర్పారు. 1945 నాటికి 17 లక్షలమందికి పైగా సూపర్‌వైజర్లు ఈ శిక్షణ పొందారు. యుద్ధం తర్వాత అది జపాన్‌కు వెళ్లింది. టొయోటా 1950లలో దాన్ని తీసుకుని తన పద్ధతిలో భాగం చేసుకుంది.

అందులో చెప్పింది నాలుగే అడుగులు. ముందు కొత్తవాడి భయం పోగొట్టు, ఈ పని గురించి అతనికి ఇప్పటికే ఏం తెలుసో అడుగు. తర్వాత చేసి చూపించు, ఒక్కొక్క అడుగూ చెబుతూ. మూడోది, అతని చేత చేయించు, చేస్తూ ఎందుకు చేస్తున్నాడో అతని నోటితోనే చెప్పించు. నాలుగోది, వదిలిపెట్టు, కానీ ఎవరిని అడగాలో చెప్పి, మధ్యమధ్య వెళ్లి చూస్తూ ఉండు. మన దగ్గర రెండోది సగం జరుగుతుంది. మూడోది దాదాపు జరగదు. "అర్థమైందా?" అని అడుగుతాం, కుర్రాడు తలూపుతాడు. ఆ తలూపుడు మీద నమ్మకంతో లక్షల విలువైన మెషిన్ అప్పజెబుతాం. ఆ కార్యక్రమం వాళ్లు ప్రతి సూపర్‌వైజర్‌కి ఇచ్చిన చిన్న కార్డు మీద ఒక మాట ఉండేది: కార్మికుడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదన్నమాటే.

నేర్పడానికి ముందు సీనియర్ తన పనిని కాగితం మీద విడగొట్టుకోవాలి. లేత్ మీద ముక్కను పట్టుకునే చక్‌లో జాబ్ బిగించడమే తీసుకోండి. అడుగు: చక్ కీతో దవడలు బిగించు. జాగ్రత్త: కీ బయటికి తీసేదాకా దాని మీద నుంచి చెయ్యి తీయకు. ఎందుకు: కీ చక్‌లోనే ఉండిపోయి, చక్‌ని తిప్పే స్పిండిల్ తిరిగితే అది ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. ఈ మూడు వరుసలే. మనవాళ్లు అడుగు చెబుతారు, కొందరు జాగ్రత్త కూడా చెబుతారు. ఎందుకో ఎవరూ చెప్పరు. ఎందుకో తెలిసినవాడు రాత్రి షిఫ్టులో, చూసేవాళ్లు లేనప్పుడు కూడా ఆ జాగ్రత్త పాటిస్తాడు. ఇన్‌పుట్, ప్లస్ ఇన్‌పుట్ సంగతి కూడా ఇలాంటి కాగితం మీద ఒక్క లైను రాసి ఉంటే ఆ షాఫ్ట్ పోయేది కాదు.

ఇక అసలు అడ్డంకి దగ్గరికి వస్తాను. మీ సీనియర్‌కి నేర్పే తీరిక ఎక్కడిది? అతని జీతం, ఇన్సెంటివ్ అంతా షిఫ్టులో ఎన్ని జాబ్‌లు తీశాడన్న దాని మీదే ఉంటుంది. కుర్రాడి పక్కన గంట నిలబడితే అతని లెక్క తగ్గుతుంది. పైగా తనకంటే తక్కువ జీతానికి పనిచేసేవాణ్ని తన చేత్తోనే తయారుచేస్తే రేపు తన గతేంటన్న భయం ఉంటుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. పెళ్లాం పిల్లలున్న మనిషి అలాగే ఆలోచిస్తాడు. అందుకని వారానికి కొన్ని గంటలు అతని టార్గెట్‌లోంచి తీసేసి, నేర్పే గంటలుగా రాయండి. ఆ గంటలకు విడిగా డబ్బివ్వండి. అతను తయారుచేసిన కుర్రాడు సొంతంగా సెట్టింగ్ చేసిన రోజున అతనికి కూడా కొంత ముట్టజెప్పండి. జర్మనీలో 1969 నుంచి వృత్తి శిక్షణకు చట్టముంది. అక్కడ అప్రెంటిస్‌కి నేర్పే బాధ్యత తీసుకునేవాడు పని వచ్చినంత మాత్రాన సరిపోడు, నేర్పడం వచ్చని కూడా చూపించాలి. దానికి విడిగా పరీక్ష ఉంది. అంత గౌరవం ఇచ్చారు ఆ పనికి.

మన దేశంలోనూ చట్టం లేకపోలేదు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019 నిబంధనల మార్పు తర్వాత, కాంట్రాక్టువాళ్లతో కలిపి 30 మంది, అంతకంటే ఎక్కువమంది ఉన్నచోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నవాళ్లకు అది ఇష్టం. అప్పుడే కనీస స్టైపెండ్‌ను చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల దాకా పెట్టారు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పాతిక శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలు లేదు, కుర్రాడు ఉండి తీరాలన్న రూలూ లేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు ఈ పథకాన్ని చవగ్గా హెల్పర్లు దొరికే దారిగా వాడుకుంటున్నారు. కుర్రాడి చేత మెషిన్ దగ్గర రాలిన ఇనుప చిప్స్ ఎత్తించడం, లోడింగ్ చేయించడం, ఏడాది తర్వాత సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయడం. చట్టం ప్రకారం అప్రెంటిస్‌కి ఓటీ, అంటే ఓవర్‌టైమ్ వేయాలన్నా ప్రభుత్వం తరఫున ఉండే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి కావాలి, అది కూడా శిక్షణకు పనికొస్తేనో, ప్రజా ప్రయోజనం ఉంటేనో. ఎందుకంటే అతను నేర్చుకోవడానికి వచ్చాడు. పొలం పనులు మానిపించి, అప్పు చేసి ఐటీఐ చదివించిన తల్లిదండ్రులు ఆ ఏడాదిని మన చేతిలో పెట్టారు. దాన్ని చీపురుతో గడిపిస్తే అది అన్యాయం.

"నేర్పితే పక్క షెడ్డు వాడు రెండు వేలు ఎక్కువిచ్చి లాక్కుపోతాడు" అంటారు. నిజమే, కొందరు పోతారు. కానీ పోయినవాళ్లను అడిగి చూడండి, డబ్బుతో పాటు ఇంకొకటి చెబుతారు: "అక్కడ ఉంటే ఎప్పటికి ఏమవుతానో తెలియలేదు సార్." హెల్పర్ నుంచి ఆపరేటర్, ఆపరేటర్ నుంచి సెట్టర్, సెట్టర్ నుంచి సూపర్‌వైజర్. ఏ మెట్టుకు ఏమేం వచ్చి ఉండాలి, జీతమెంత అన్నది రాసి గోడకు పెట్టండి. కుర్రాడు తన చోటెక్కడో, తర్వాతి మెట్టెక్కడో చూసుకుంటాడు. ఇంకో దారి కూడా ఉంది. ఒకే లైన్లో ఉన్న నాలుగైదు షెడ్లు కలిసి అప్రెంటిస్‌లను తీసుకుని, అందరూ ఒకే స్టైపెండ్ ఇచ్చి, ఒక షెడ్డులో టర్నింగ్, ఇంకోదాంట్లో గ్రైండింగ్ నేర్పుకుంటే, లాక్కోవడానికి పక్కవాడెవడూ మిగలడు. అందరూ నేర్పినవాళ్లే అవుతారు.

మీరు వెళ్లగానే చేయగలిగింది ఒకటుంది. ఒక పెద్ద కాగితం తీసుకోండి. పైన వరుసగా మీ మనుషుల పేర్లు, పక్కన మీ షెడ్డులో జరిగే పనులు రాయండి. ఎవరికి ఏది వచ్చో టిక్ పెట్టండి. ఒకే ఒక్క టిక్ ఉన్న పని ఏదో చూడండి. అది తెలిసినవాడికి రేపు జ్వరమొస్తే మీ షెడ్డు ఆగుతుంది. అక్కడ రెండో పేరు రాసి, ఎప్పటికల్లా నేర్పాలో తేదీ వేయండి. ఆ తేదీకి నేర్పే బాధ్యత ఎవరిదో, వాళ్లకు మీరేం ఇస్తారో కూడా పక్కనే రాయండి.

నా వంతు అయింది. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, కాంట్రాక్ట్ ఫారాల గురించి అడగాలనుకున్నవాళ్లు ముందు అడగండి. ఇన్సెంటివ్ లెక్కలు ఎలా మార్చాలో తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం.