"కుక్కే కదా" అన్న మాట గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. కొందరి చేతుల్లో తమ కుక్కల ఫొటోలు కూడా కనిపిస్తున్నాయి. వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున, ఆసుపత్రి తలుపులు తీయకముందే, ఒక రైతు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో దుప్పటి, దుప్పట్లో నల్లకుక్క. రాత్రి పొలం దగ్గర పాము కరిచిందట. ముట్టుకుని చూస్తే ఒళ్లు చల్లబడిపోయి ఉంది. ప్రాణం పోయి చాలాసేపయిందని చెప్పాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఓదార్చాలనే అన్నాను, "కుక్కే కదా పెద్దాయనా, ఇంకో పిల్లని తెచ్చుకో" అని.

ఆయన తలెత్తి నావైపు చూశాడు. "పోయిందని నాకు ఇంటి దగ్గరే తెలుసు డాక్టరు గారూ. ఊళ్లో ఏడిస్తే నవ్వుతారని ఇక్కడికి తెచ్చాను" అన్నాడు.

ఆయనతో "కుక్కే కదా" అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

అన్నం పెడతాం కాబట్టి తోక ఊపుతుంది అంటారు. అన్నం సంగతి అబద్ధమేం కాదు. కానీ 1998లో హంగేరీలోని బుడాపెస్ట్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. అందులో వాడింది అసలు పసిపిల్లల కోసం తయారైన పరీక్ష. తెలియని గదిలో తల్లి కాసేపు బయటికి వెళ్తే బిడ్డ ఏం చేస్తుంది, తిరిగొస్తే ఏం చేస్తుంది, కొత్తవాళ్ల దగ్గర ఎలా ఉంటుంది అని చూస్తారు. అదే పద్ధతిలో కుక్కల్ని చూశారు. ఇంటి మనిషి పక్కన ఉన్నంతసేపు కుక్కలు ధైర్యంగా గదంతా తిరిగాయి, ఆడుకున్నాయి. కొత్త మనిషితో వదిలేస్తే ఎక్కువగా తలుపు దగ్గరే నిలబడ్డాయి. బిడ్డకు తల్లి ఎలాగో, దానికి మీరు అలాగన్నమాట.

అమెరికాలో ఎమొరీ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఇంకో పని నాకు మరీ ఇష్టం. మెదడు పనితీరును చూపించే ఎమ్మారై యంత్రంలో, మత్తు ఇవ్వకుండా, కదలకుండా పడుకోవడం పన్నెండు కుక్కలకు నేర్పారు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. తర్వాత రకరకాల వాసనలు చూపించారు: తన సొంత వాసన, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది, ఇంటి మనిషిది, ముక్కూమొహం తెలియని మనిషిది. మంచి జరగబోతోందని ఆశపడే మెదడు భాగం అన్నిటికంటే ఎక్కువగా ఇంటి మనిషి వాసనకే స్పందించింది. ఆ మనిషి అక్కడ లేడు, గిన్నెలో అన్నమూ లేదు. మీరు ఊరెళ్తే మీ మాసిన లుంగీ మీద పడుకునే కుక్క అల్లరి చేస్తోందనుకోకండి.

మరి మనవైపు నుంచి? దీనికి నా దగ్గర చాలా పాత సాక్ష్యం ఉంది. 1914లో జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్ రాతి క్వారీలో కూలీలకు ఒక సమాధి కనబడింది. పురుషుడు, స్త్రీ, వాళ్లతో ఒక కుక్క. దాదాపు 14 వేల ఏళ్ల కిందటిది. ఆ కుక్క పళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు, అది సుమారు ఏడు నెలల పిల్ల అనీ, దానికి డిస్టెంపర్ అనే జబ్బు వచ్చి ఉంటుందనీ తేల్చారు. నా సర్వీసులో ఆ జబ్బు చాలా చూశాను. వాంతులు, విరేచనాలు, జ్వరం, ఫిట్స్. పక్కన కూర్చుని నీళ్లు తాగించాలి, తుడవాలి, వెచ్చగా ఉంచాలి. ఆ పిల్ల అలా జబ్బుతోనే వారాల తరబడి బతికింది. వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. పొలం లేదు, ఇల్లు లేదు, తమకే తిండి దొరుకుతుందో లేదో తెలియని మనుషులు దానికి సేవ చేశారు. పోయాక తమవాళ్ల పక్కనే పెట్టారు. వాళ్లలో ఎవరూ "కుక్కే కదా" అని ఉండరు.

ఇంకొక్క విషయం చెప్పాలి, ఇది కష్టమైనది. ముసలిదై, జబ్బు ముదిరి, ఇక నొప్పి తగ్గించలేం అన్నప్పుడు కుక్కని ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాల్సి వస్తుంది. అలా చేయించినవాళ్లు ఏళ్ల తర్వాత బజారులో కనబడి, "తొందరపడ్డానా డాక్టరు గారూ?" అని అడుగుతారు. అంత నొప్పిలో ఉన్న ప్రాణి విషయంలో మీరు తొందరపడలేదు. ఆ భారం మోయకండి. కానీ ఆ సమయంలో చూడలేమంటూ బయటికి వెళ్లిపోకండి. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, దాని కళ్లు తలుపు వైపే ఉంటాయి. దగ్గరుండండి. ఏడుపొస్తే ఏడవండి. దాని తల మీద చెయ్యి మాత్రం తీయకండి.

ఆ రైతుతో నేను మళ్లీ మాట్లాడలేదు. ఆయన దుప్పటి మడతలు సరిచేసి, కుక్కని భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. దాని పేరేంటని కూడా నేను అడగలేదు.

అందుకే మీ ఫొటోలు చూడాలని ఉంది. రెండో వరుసలో చివర కూర్చున్న అమ్మా, ఇందాకటి నుంచి ఆ ఫొటోని ఒళ్లో బోర్లా పెట్టుకున్నారు. మైకు మీకు ఇస్తారు. ముందు దాని పేరు చెప్పండి.