అరువు బొమ్మలు, సొంత బొమ్మలు: గేమ్ ఫైళ్లు సర్దుకునే పద్ధతి

[తెర మీద: ల్యాప్‌టాప్‌లో గేమ్. గోదావరి మధ్యలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ). పక్కనే ఫోన్‌లో అదే గేమ్, పంటు లేదు.]

చూశారా? ఫోన్‌లో పంటు మాయం. బైకులూ మనుషులూ నీళ్ల మీద నిలబడ్డారు! సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు నడిపే ఈ గేమ్‌ని నేనూ, రాజోలు తమ్ముడొకడూ గోడాట్‌లో, అంటే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, సరదాగా చేస్తున్నాం.

[తెర మీద: ఫైల్ పేరు, పెద్దగా]

పంటు బొమ్మ ఫైల్ పేరులో మొదటిది పెద్ద 'పి'. కోడ్‌లో చిన్న 'పి'. విండోస్‌కి రెండూ ఒకటే. ఎక్స్‌పోర్ట్ చేసి ఆండ్రాయిడ్‌లో పెడితే మాత్రం వేరు వేరు. గోడాట్ ముందే హెచ్చరిస్తుంది, కానీ చదివేదెవరు? అందుకే పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ఖాళీ ఉన్న చోట అండర్‌స్కోర్. 'ఫైనల్', 'అసలు ఫైనల్' లాంటి పేర్లు వద్దు బాబూ.

[తెర మీద: రెండు ఫోల్డర్లు]

ఒకటి అరువు, ఇంకోటి సొంతం. నెట్‌లో దించుకున్న బొమ్మల ప్యాక్‌లు అరువులోకి. మనం గీసినవి, రేవులో రికార్డు చేసిన ఇంజన్ చప్పుడు సొంతంలోకి. అరువులో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. ఎందుకంటారా? ప్యాక్‌లో వచ్చిన కొబ్బరి చెట్టుకి మట్టలుంటాయి గానీ గెల ఉండదు. కోనసీమలో ఎవరికి చూపించినా ఇట్టే పట్టేస్తారు. సరే, గెల గీస్తాం. అక్కడే గీసేస్తే, రేపు ప్యాక్ కొత్త వెర్షన్ దాని మీద పడగానే గెల పోయినట్టే. కాపీ తీసి, సొంతంలో పెట్టుకుని గీయండి.

గెల గీసినంత మాత్రాన చెట్టు మనదైపోదు. లైసెన్స్ సీసీ-జీరో (ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు) అయితే గొడవే లేదు, కెన్నీ అనే సైట్‌లో దొరికే గేమ్ బొమ్మల ప్యాక్‌లు అలాంటివే. సీసీ-బై అయితే అసలు చేసినవాళ్ల పేరు, లైసెన్స్ లింకు, మనం మార్చామన్న మాట క్రెడిట్స్‌లో ఉండాలి. 'ఎన్‌సీ' అని ఉంటే దాంతో వ్యాపారం చేయకూడదు. దించుకున్న రోజే లైసెన్స్ ఫైల్‌ని పక్కనే పడేయండి. ఆర్నెల్ల తర్వాత వెతకాలంటే అదో టెన్షన్.

"అన్నా, రేవు బొమ్మ వాట్సాప్‌లో పెట్టాను" అంటాడు తమ్ముడు. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి జేపెగ్ చేసేస్తుంది. వెనక పారదర్శకంగా ఉండాల్సిన చోట రంగు నిండిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫైళ్లలో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్ వాడితే ఇంకా మేలు.

గిట్‌లో డాట్ గోడాట్ ఫోల్డర్ ఎక్కించొద్దు, అది ఎవరి మెషీన్‌లో వాళ్లకి మళ్లీ తయారవుతుంది. ప్రతి బొమ్మ పక్కనుండే డాట్ ఇంపోర్ట్ ఫైల్ మాత్రం తప్పకుండా ఎక్కాలి, మన సెట్టింగులు అందులోనే ఉంటాయి. ఫైల్ చోటు మార్చాలంటే గోడాట్ లోపలి ఫైల్‌సిస్టమ్ ప్యానెల్‌లోనే మార్చండి. విండోస్‌లో లాగి పడేస్తే సీన్లలో లింకులు తెగే ప్రమాదముంది.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటాలో గీసిన అసలు ఫైళ్లని ఇంకో ఫోల్డర్‌లో ఉంచి, అందులో డాట్ జీడీఇగ్నోర్ అనే ఖాళీ ఫైల్ పెట్టండి. గోడాట్ ఆ వైపు చూడదు. గిట్ ఫైళ్లని నెట్‌లో దాచుకునే సైట్ గిట్‌హబ్, 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మామూలుగా తీసుకోదు. అలాంటివాటికి గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఉంది, దాన్ని వచ్చే వీడియోలో చూద్దాం.