అడవిలో ఎండపొడను నీటిరంగుల్లో పట్టుకోవడం ఎలా

[తెర మీద: కాఫీ తోట నేల. ఎండుటాకుల మీద గుండ్రటి వెలుగు మచ్చలు.]

ఈ ఎండపొడలను కాస్త పరీక్షగా చూడండి. పైన ఆకుల మధ్య సందు మూడు మూలలుగా ఉన్నా, చీలికలా ఉన్నా, కింద పడే మచ్చ మాత్రం గుండ్రంగానో, కోలగానో ఉంటుంది. ఎందుకంటే అది సందు ఆకారం కాదు, సూర్యబింబం. చిన్న సందు ఏదైనా సూదిబెజ్జం కెమెరాలా పనిచేస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఇవే మచ్చలు నెలవంకల్లా మారిపోతాయి.

[తెర మీద: రేఖాచిత్రం. సందు, కిరణాలు, నేల మీద బింబం.]

మచ్చ ఎంత పెద్దదో లెక్క కట్టవచ్చు. సందు నుంచి నేల వరకు కిరణం ప్రయాణించిన దూరాన్ని సుమారు 108తో భాగిస్తే మచ్చ వెడల్పు వస్తుంది. 10 మీటర్ల ఎత్తున సందు ఉండి, సూర్యుడు నడినెత్తిన ఉంటే 9 సెంటీమీటర్లు. అదే సందు, సూర్యుడు దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉంటే వెడల్పు 18, పొడవు 37 సెంటీమీటర్లు. అరకు ప్రాంతంలో డిసెంబరు నెలలో ఉదయం తొమ్మిదికి సూర్యుడు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాడు. పొద్దుటి అడవి అంత అందంగా కనిపించడానికి ఇదొక కారణం. మచ్చలు పెద్దవి, పొడుగైనవి, అంచులు మెత్తనివి.

ఇంకో సంగతి బొమ్మ వేసేవాళ్లకు మరీ ముఖ్యం. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, బింబం వెడల్పు అర డిగ్రీ. అంటే ప్రతి మచ్చ దాదాపు రెండు నిమిషాల్లో తన వెడల్పంత పక్కకు వెళ్లిపోతుంది. కూర్చున్న చోటి నుంచి చూస్తూ చూస్తూ మచ్చలు దించుకుంటే, కాగితం మీద పది వేర్వేరు క్షణాలు కలగాపులగం అవుతాయి. వెలుగు ఎటు నుంచి వస్తోందో బొమ్మలో తెలియకుండా పోతుంది. కాబట్టి మొదటి పది నిమిషాల్లోనే పెన్సిల్‌తో మచ్చలన్నిటి చోటు ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాత నేల ఎలా మారినా సరే, మచ్చలను కదపకూడదు.

[తెర మీద: ఫాంటెన్‌బ్లో అడవి, ఓక్ చెట్లు.]

ఈ క్రమశిక్షణ పాతదే. ఫ్రెంచ్ ప్రకృతి చిత్రకారుడు వాలెన్సియెన్ 1800లో ప్రచురించిన గ్రంథంలో, ఆరుబయట వేసే అభ్యాసాన్ని రెండు గంటలకు మించనివ్వొద్దనీ, సూర్యోదయం, సూర్యాస్తమయమైతే అరగంటకే ఆపమనీ చెప్పాడు. పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న ఫాంటెన్‌బ్లో అడవిలో, బార్బిజాన్ పల్లెలో మకాం పెట్టిన తియోడోర్ రూసో, కామీ కోరో లాంటి చిత్రకారులు ఆ బాటలోనే నడిచారు. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ పేటెంట్ తీసుకున్న తగరపు ట్యూబుతో రంగులు జేబులోకి వచ్చాయి. 1849లో రైలు ఫాంటెన్‌బ్లో చేరింది. రూసో లాంటివాళ్లు చెట్లు నరకొద్దని పట్టుబట్టగా, 1861లో ఆ అడవిలో వెయ్యి హెక్టార్లకు పైగా చిత్రకారుల కోసమని కాపాడారు. చెట్లను చెట్లుగా నిలబెట్టిన ఆ పోరాటం మనకు ఎంతో గౌరవనీయం.

[తెర మీద: అనంతగిరి కాఫీ తోట, సిల్వర్ ఓక్ మాను, దాన్ని చుట్టుకున్న మిరియాల తీగ.]

మనకు దగ్గర్లో వెలుగు కోసమే వెళ్లదగిన చోటు అనంతగిరి, అరకు కాఫీ తోటలు. నిటారుగా బూడిదరంగు సిల్వర్ ఓక్ మానులు, వాటి మీద మిరియాల తీగలు, కింద నిగనిగలాడే కాఫీ మొక్కలు. మూడు అంతస్తుల్లో మూడు రకాల వెలుగు. విశాఖ నుంచి పొద్దున కిరండూల్ రైలెక్కితే అరకు చేరేసరికి ఎండ పైకెక్కి ఉంటుంది. అందుకే ముందు రోజు రాత్రికే చేరుకోండి. తోటలు చాలావరకు గిరిజన రైతులవి, అడిగాకే లోపలికి వెళ్లాలి. నవంబరు నుంచి జనవరి వరకు కాయ కోత. వరుసల మధ్య దారికి అడ్డంగా స్టూలు వేయకండి.

[తెర మీద: సామాను పరిచిన బల్ల.]

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, క్వార్టర్ షీట్, అంటే 28 × 38 సెంటీమీటర్లు. రెండు గంటల్లో పూర్తయ్యేది అదే. నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో బోర్డుకు అంటించండి. రంగులు ఆరు చాలు: లెమన్ ఎల్లో, రా సియెన్నా (పసుపు మట్టిరంగు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర మట్టిరంగు), పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరైన్ (ముదురు నీలం), థేలో బ్లూ (పచ్చఛాయ ఉన్న ఘాటు నీలం). డబ్బాలో దొరికే రెడీమేడ్ ఆకుపచ్చ తీసుకెళ్లకండి. అడవి బొమ్మను అట్టముక్కలా చేసేది అదే. కలుపుకున్న పచ్చలోనే తేడాలు పుడతాయి.

[తెర మీద: ఒకే ఆకు. ముందు నుంచి, తర్వాత వెనక నుంచి వెలుగు.]

ఎండ ఆకు మీద పడి మన వైపు తిరిగి వస్తే, నున్నటి కాఫీ ఆకులో ఆకాశం కనిపిస్తుంది: నీలి తెలుపు. ఎండ ఆకును దాటుకుని వస్తే, పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ మింగేస్తుంది, పసుపుపచ్చ మిగులుతుంది. మొదటిదానికి అల్ట్రామెరైన్ బాగా పలచగా. రెండోదానికి లెమన్ ఎల్లో నిండుగా, థేలో బ్లూ బ్రష్ కొనతో తాకించినంత. అంతకు మించితే వెలుగు ఆరిపోతుంది. వెలుగుకు ఎదురుగా కూర్చుంటే రెండో రకం ఎక్కువగా దొరుకుతుంది. మొదలుపెట్టేవాళ్లకు అదే సులువు.

[తెర మీద: బొమ్మ దశలవారీగా.]

పెన్సిల్ గీత అయ్యాక మొదటి వాష్, అంటే నీళ్లు కలిపి పలచగా పరిచే రంగు పూత: ఎండ పడే నేలకంతా రా సియెన్నా, ఆకులకు లేత పసుపు. ఆకాశం కనిపించే సందులూ, బాగా మెరిసే రెండు మూడు మచ్చలూ పొడిగా, తెల్లగా వదిలేయండి. రెండోది నీడ వాష్: అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, కాస్త రోజ్. మచ్చలను గీయకండి, వాటి చుట్టూ నీడను వేయండి. మచ్చ అంచును అక్కడక్కడ తడి బ్రష్‌తో కరిగించండి. చివర్లో మాను దగ్గరి చీకటి: థేలో బ్లూ, బర్న్ట్ సియెన్నా, పెరుగంత చిక్కగా. ఎండకు కాంతి నిచ్చేది ఈ చీకటే. భయపడి దీన్ని పలచన చేస్తే బొమ్మంతా మబ్బు పట్టినట్టుంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు మచ్చలన్నీ ఒకే సైజులో గుండ్రంగా పెట్టడం. స్టూలు మీద కూర్చుంటే కన్ను నేలకు మీటరు ఎత్తున ఉంటుంది. మూడు మీటర్ల దూరంలో గుండ్రటి మచ్చ ఎత్తు దాని వెడల్పులో మూడో వంతే కనిపిస్తుంది. పది మీటర్ల దగ్గర పదో వంతు, దాదాపు గీతే. దగ్గర కోలగా, దూరం పోయేకొద్దీ సన్నటి అడ్డగీతలుగా వేస్తే, నేల దానంతటదే పడుకుంటుంది.

[తెర మీద: కాగితం మీద గోబీపువ్వులా పాకిన నీటి మరక.]

పొగమంచు పొద్దుల్లో వాష్ ఆరదు. సగం తడిలో మళ్లీ నీళ్లు తగిలితే ఇలా పాకుతుంది. చేతి వెనక భాగాన్ని కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడే, ఆగాలి. ఆ వ్యవధిలో పక్క కాగితం మీద చిన్న స్కెచ్ వేసుకోండి. మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా పూసే రబ్బరు ద్రవం) వాడితే బ్రష్‌కు ముందు సబ్బు పట్టించండి, ఫ్లూయిడ్‌ను అదే రోజు ఊడదీయండి. ఎండలో వదిలేస్తే కాగితం పొరతో సహా లేస్తుంది.

మంచులో దిగే వెలుగు కడ్డీల కోసం, ఆరిన వాష్ మీద చదును బ్రష్‌ను తడిపి పిండి, సూర్యుడి వైపు నుంచి ఒకే దిశలో లాగి, టిష్యూతో అద్దండి. అల్ట్రామెరైన్ కాగితం నుంచి లేచి వస్తుంది. థేలో బ్లూ కాగితాన్ని పట్టేస్తుంది, అంగుళం కూడా కదలదు. అందుకే కడ్డీలు రావాల్సిన చోట థేలో ముందే వాడకండి.

కాగితం మీద నేరుగా ఎండ పడితే రంగులు ఉన్నదానికంటే ప్రకాశంగా కనిపిస్తాయి. దానికి తగ్గట్టు ముదురు వేస్తారు, గదిలోకి తెస్తే నల్లబడి ఉంటుంది. దట్టమైన ఆకుల కింద కూర్చుంటే పచ్చటి వెలుగు పడి, తెలియకుండానే ఎరుపు ఎక్కువ కలుపుతారు. తోట అంచున, ఆకాశం నుంచి వెలుగొచ్చే నీడలో కూర్చోండి. బోర్డుకు తెల్ల గొడుగు పట్టినా సరిపోతుంది. టేపు తీసేటప్పుడు మాత్రం తొందర వద్దు: కాగితం పూర్తిగా ఆరాక, అంచును బయటి వైపుకు ఏటవాలుగా లాగండి.