1966 ఆగస్టు: బీటిల్స్ రికార్డులు కాల్చిన ఊళ్లలో పిల్లల జ్ఞాపకాలు ఎలా సేకరించాలి

అందరికీ నమస్కారం. మౌఖిక చరిత్ర సేకరించే పనిలో ఉన్న మీకు ఇవాళ ఒకే ఒక్క సందర్భం గురించి చెబుతాను. 1966 ఆగస్టులో అమెరికా దక్షిణాది ఊళ్లలో ఇంగ్లండ్‌కు చెందిన నలుగురు పాటగాళ్ల బృందం బీటిల్స్ రికార్డులు మంటల్లో వేశారు. అప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నారు. వాళ్లు ఉండగానే చేయాల్సిన పని ఇది.

ముందు తేదీలు మీ నాలుక మీద ఉండాలి. 1966 మార్చి 4న లండన్ పత్రిక ఈవెనింగ్ స్టాండర్డ్‌లో మౌరీన్ క్లీవ్ చేసిన ఇంటర్వ్యూ వచ్చింది. తాము ఇప్పుడు ఏసుకంటే ఎక్కువ ప్రజాదరణ ఉన్నవాళ్లమని బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్ అందులో అన్నాడు. ఇంగ్లండ్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జులై చివర్లో అమెరికా కుర్రకారు చదివే డేట్‌బుక్ పత్రిక ఆ ఇంటర్వ్యూలోని మాటలను మళ్లీ అచ్చు వేసింది. దాంతో అలబామాలోని బర్మింగ్‌హామ్ రేడియో వ్యాఖ్యాతలు టామీ చార్ల్స్, డగ్ లేటన్ బీటిల్స్ పాటలు వేయబోమని ప్రకటించారు. ఆగస్టు 11న లెనన్ షికాగోలో విలేకరుల ముందు సంజాయిషీ చెప్పుకున్నాడు. అయినా 13వ తేదీ శనివారం టెక్సస్‌లోని లాంగ్‌వ్యూలో కేఎల్‌యూఈ రేడియో స్టేషన్ మంట వేయించింది. 19న మెంఫిస్ కచేరీలో ఎవరో టపాకాయ విసిరారు. 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడాక ఆ నలుగురూ కలిసి మళ్లీ కచేరీ యాత్రలు చేయలేదు.

మీరు చేసే ఇంటర్వ్యూ చెడిపోయేది ఎక్కువగా మొదటి ప్రశ్న దగ్గరే. "మీరు అభిమానులా, వ్యతిరేకులా?" అని అడిగితే, మనిషి ఇవాళ తనకు గౌరవంగా అనిపించే పక్షం ఎంచుకుని మిగతాదంతా దానికి తగ్గట్టు చెప్పుకుంటూ పోతారు. తొమ్మిదేళ్ల పిల్లకు పక్షం ఉండాల్సిన పనిలేదు. పొద్దున పాట పాడుకుని, సాయంత్రం నాన్న చేయి పట్టుకుని మంట దగ్గరికి వెళ్లి ఉండొచ్చు. అందుకని వస్తువుల గురించి అడగండి. ఇంట్లో ఎన్ని రికార్డులు ఉండేవి? ఎవరు కొన్నారు? ఎక్కడ పెట్టేవారు? మంట దగ్గరికి వాటిని మోసుకెళ్లింది ఎవరు? ఇంట్లో మిగిలినవి ఏవి?

డబ్బు సంగతి తప్పకుండా అడగండి. అప్పట్లో ఒక ఎల్పీ, అంటే ఆల్బమ్ మొత్తం ఉండే పెద్ద రికార్డు, దాదాపు 4 డాలర్లు. గంటకు కనీస వేతనం 1.25 డాలర్లు. అంటే కాలిన ఒక్కో ఎల్పీ వెనక మూడు గంటలకు పైగా కూలి ఉంది. అది పిల్లలు దాచుకున్న డబ్బా, పుట్టినరోజు కానుకా, అన్నయ్య జీతమా అన్నదాన్ని బట్టి ఆ జ్ఞాపకం బరువే మారిపోతుంది.

ఇప్పుడు జ్ఞాపకాన్ని సరిచూడటం. 1964 ఫిబ్రవరి 9 ఆదివారం రాత్రి అమెరికా టీవీలో వచ్చే ఎడ్ సలివన్ షోలో బీటిల్స్‌ను దాదాపు 7.3 కోట్ల మంది చూశారు. ఆ ప్రసారం నలుపు తెలుపుల్లోనే వచ్చింది. ఆ రాత్రి టీవీలో రంగులు చూశామని ఎవరైనా చెబితే ఆ రంగులు తర్వాత చూసిన ఫొటోల్లోంచి వచ్చి చేరాయన్నమాట. 1966 మంటలో బీటిల్స్ ఆల్బమ్ సార్జంట్ పెప్పర్ వేశామని చెబితే అదీ కుదరదు, ఆ ఆల్బమ్ వచ్చింది 1967లో. అమెరికాలో వాళ్ల రివాల్వర్ ఆల్బమ్ అమ్మకానికి వచ్చింది కూడా 1966 ఆగస్టు 8నే, లాంగ్‌వ్యూ మంటకు అయిదు రోజుల ముందు. లాంగ్‌వ్యూ వాళ్ల దగ్గర పిడుగు కథ కూడా వస్తుంది. మంట వేసిన మర్నాడు ఆ స్టేషన్ టవర్ మీద పిడుగు పడింది. చెప్పేవాళ్లు మంట, పిడుగు ఒకే రాత్రిలో కలిపేస్తే అక్కడికక్కడ దిద్దకండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, తేదీ తేడాను పక్కన మీ గమనికగా పెట్టండి. కలిపేసుకోవడం అబద్ధం కాదు, ఊరంతా ఏళ్ల తరబడి ఆ కథను ఎలా చెప్పుకుందో దానికి అది ఆధారం.

మంట దగ్గర నిజంగా నిలబడినవాళ్లను గుర్తుపట్టడానికి నేను ఎక్కువగా నమ్మేది వాసనను. ఎల్పీ వినైల్ ప్లాస్టిక్. అట్ట చటుక్కున అంటుకుంటుంది గానీ రికార్డు అలా అంటుకోదు. ముందు వేడికి మెత్తబడి వంకర తిరుగుతుంది, అంచులు వేలాడతాయి, ఆ తర్వాత నల్లటి పొగ. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఎగసిన మంటల గురించి మాత్రమే చెప్పేవాళ్లు పత్రికల్లో వచ్చిన ఫొటోను వర్ణిస్తూ ఉండవచ్చు. దగ్గు వచ్చిందని, రికార్డు ముడుచుకుపోయిందని వాళ్లంతట వాళ్లే చెప్పారంటే అక్కడ ఉన్నారనడానికి అది బలమైన గుర్తు. కానీ మీరు ముందే "వాసన ఎలా ఉంది?" అని అడిగితే ఆ గుర్తు పనికిరాకుండా పోతుంది. "దగ్గరికి వెళ్లాక ఏమైంది?" అని ఆగండి. మౌనం పది సెకన్లు సాగినా నోరు విప్పకండి. ఫొటోలు, పాత పత్రికలు సంచిలోనే ఉంచి చివరి పావుగంటలో తీయండి.

వ్యతిరేకత అంతా మతం వల్ల వచ్చిందనుకోవడం ఇంకో తప్పు. మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరోలో జుట్టు పెంచుకున్న ఓ విద్యార్థిని బడిలోకి రానివ్వలేదు. 1965లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం బడి పక్షానే తీర్పు చెప్పింది. అంటే ఏసు గొడవ ఇంకా పుట్టకముందే ఇళ్లలో బీటిల్స్‌లా జుట్టు పెంచడం మీద గొడవ ఉంది. క్షవరం చేయించిన రోజు గురించి అడిగి చూడండి, మగపిల్లల జ్ఞాపకాలు అక్కడ తెరుచుకుంటాయి.

రికార్డింగుకు ఫ్యాన్, ఫ్రిజ్ లేని గది చూసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు చాలు. రెండో రికార్డర్ కూడా నడుస్తుండాలి. గంటన్నర దాటితే పెద్దవాళ్లు అలిసిపోయి మీకు నచ్చేది చెప్పడం మొదలుపెడతారు, కాబట్టి అక్కడితో ఆపి ఇంకో రోజు వెళ్లండి. అన్నాచెల్లెళ్లను కలిపి కూర్చోబెట్టొద్దు, గొంతు పెద్దది ఎవరిదైతే జ్ఞాపకం వాళ్లదైపోతుంది. విడివిడిగా తీసుకున్నాక ఒకరు "మా ఇంట్లోవన్నీ కాల్చేశాం" అని, ఇంకొకరు "రెండు పరుపు కింద దాచాం" అని చెబితే రాజీ కుదర్చకండి. రెండు ఫైళ్లూ ఒకే కుటుంబం సంఖ్య కింద పెట్టి, ఒకదానిలో రెండోదాని సంఖ్య రాయండి.